బిల్లింగ్స్‌గేట్ అడుగున మంచు

లండన్, 1982 జనవరి. ఇంకా తెల్లవారలేదు. థేమ్స్ ఒడ్డున బిల్లింగ్స్‌గేట్ చేపల మార్కెట్లో చివరి బేరాలు సాగుతున్నాయి. హమాలీలు నెత్తిన పెట్టెలతో, కాళ్లకింద ఐసునీళ్లలో జారకుండా నడుస్తున్నారు. ఇకమీదట చేపలన్నీ తూర్పున ఐల్ ఆఫ్ డాగ్స్‌లోని కొత్త మార్కెట్‌కే.

“కింద కోల్డ్ స్టోరేజీ ఆపేస్తారంటగా?”

“ఆపితే మట్టి కరుగుద్ది. మట్టి కరిగితే ఈ గోడలు నిలబడతాయా?”

ఈ మాటలు మన ఊహ. భయం మాత్రం నిజం. నేలమాళిగలోని శీతల గిడ్డంగి ఏళ్ల తరబడి నడిచి అడుగు మట్టిని సైతం గడ్డకట్టించింది. మిషన్లు ఆగితే భవనం కుంగిపోతుందని ఊరంతా చెప్పుకుంది.

1870ల్లో ఈ భవనానికి నమూనా గీసింది ఆర్కిటెక్టు హోరేస్ జోన్స్. తర్వాత టవర్ బ్రిడ్జికి నమూనా గీసిందీ ఆయనే. అలాంటి కట్టడాన్ని పడగొట్టి ఆఫీసులు లేపాలన్న ఆలోచనలు వచ్చినప్పుడు ‘సేవ్ బ్రిటన్స్ హెరిటేజ్’ అనే సంస్థ అడ్డం తిరిగింది. ఊరికే గోల పెట్టలేదు. దీన్ని మళ్లీ వాడుకోవచ్చని గీసి చూపించమని ఒక ఆర్కిటెక్టును అడిగింది. ఎవరిని? పైపులన్నీ బయటికి కనిపించేలా పారిస్‌లో పాంపిడూ సెంటర్ కట్టి పాతను ప్రేమించేవాళ్లను హడలగొట్టిన ఇద్దరిలో ఒకరైన రిచర్డ్ రోజర్స్‌ను! నన్నడిగితే ఈ కథలో అసలు తెగువ అదే.

భవనం బతికింది. మంచు కరిగింది, గోడలు కదల్లేదు. 1980ల చివరికల్లా రోజర్స్ బృందం ఇనుప స్తంభాల హాలును సిటీబ్యాంక్ కోసం షేర్లు, కరెన్సీల డీలింగ్ రూముగా మలిచింది. ఇంతలో 1987 అక్టోబరులో మార్కెట్లు కుప్పకూలాయి. చేపలు కేకలేసి అమ్మినచోట డాలర్లు కేకలేసి అమ్మాల్సిన డీలర్లు మాత్రం రానేలేదు. బ్యాంకు ఆ హాల్లో కాపురం పెట్టనేలేదు.

ఇప్పుడక్కడ విందులు, ఎగ్జిబిషన్లు, ఫ్యాషన్ షోలు జరుగుతున్నాయి. అద్దెకు తీసుకున్నవాళ్ల సరదాను బట్టి హాలు వేషం మారుతుంది. పైన గాలి వాటం చూపే బంగారు రంగు చేపలు మాత్రం అలాగే ఉన్నాయి.

సిటీబ్యాంక్ పెద్ద టవర్లు తర్వాత అదే ఐల్ ఆఫ్ డాగ్స్‌లోని కానరీ వార్ఫ్‌లో లేచాయి. 1982లో చేపలు తరలివెళ్లిన కొత్త మార్కెట్‌కు అక్కణ్నుంచి నడిచే వెళ్లొచ్చు.