కంచన్‌బాగ్: యుద్ధవిమానాల లోహం పుట్టే పేట

హైదరాబాదు దక్షిణాన ఉన్న కంచన్‌బాగ్‌లో చౌరస్తాలకు, బస్టాపులకు అక్కడి సంస్థల పేర్లే స్థిరపడ్డాయి: డీఎంఆర్‌ఎల్, డీఆర్‌డీఎల్, మిధాని. అర్జున్ ట్యాంకుకు తొడిగిన కంచన్ కవచానికి ఆ పేరు వచ్చింది ఈ పేటనుంచే. యుద్ధవిమానాల విడిభాగాల చరిత్రలోనూ కంచన్‌బాగ్‌కు పెద్ద చోటే ఉంది.

1960లలో మిగ్-21 విమానాల తయారీని భారతదేశం మూడు చోట్లకు పంచింది. విమాన దేహం నాసిక్‌లో, ఇంజిను కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదు బాలానగర్‌లో తయారయ్యేవి. అయితే అరిగిన భాగాలను మార్చాలంటే వాటికి తగిన లోహం కూడా చేతిలో ఉండాలి. సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యాక మిగ్‌ల విడిభాగాలకు ఏర్పడిన కొరత ఈ అవసరాన్ని మరింత స్పష్టం చేసింది.

లోహ పరిశోధన కోసం డీఎంఆర్‌ఎల్ 1963లో హైదరాబాదులో ఏర్పడింది. మిగ్ విమానాల బ్రేకు ప్యాడ్లు దాని కృషి ఫలాల్లో ఒకటి. రన్‌వే మీద దిగిన యుద్ధవిమానం వేగంలో చాలా భాగం బ్రేకుల్లో వేడిగా మారుతుంది. ఆ వేడిని తట్టుకునే ప్యాడులో లోహంతోపాటు సిరామిక్ కూడా ఉండాలి. కరిగించి పోస్తే ఈ రెండూ కలవవు. అందుకే పొడులుగా కలిపి, అచ్చులో నొక్కి, కరగనంత వేడిలో కాల్చి గట్టిపరుస్తారు.

పరిశోధనశాలలో రూపొందిన మిశ్రలోహాలను భారీగా తయారు చేయడానికి 1973లో మిశ్రధాతు నిగమ్, అంటే మిధాని, ఏర్పడింది. 1980ల తొలి ఏళ్లలో ఉత్పత్తి మొదలైంది. కరిగిన టైటానియం గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్‌లను పీల్చుకుని పెళుసుబారుతుంది. అందువల్ల దాన్ని శూన్యంలో, ఒకటికి రెండుసార్లు కరిగించి దిమ్మెలు పోస్తారు.

జాగ్వార్, హాక్ విమానాల్లో ఉండే అడూర్ ఇంజిను కంప్రెసర్ డిస్కులు ఈ రెండు సంస్థల పని కలిసిన చోటు. టైటానియం మిశ్రలోహంతో చేసే ఈ డిస్కులు గాలిని ఒత్తిపట్టే రెక్కలను మోస్తూ అతివేగంగా తిరుగుతాయి. నిర్ణీత వాడకం పూర్తయితే, పైకి బాగానే కనిపించినా, వాటిని మార్చి తీరాలి. మామూలు ఫోర్జింగులో చల్లని అచ్చు తగలగానే ఈ లోహం బిగుసుకుని పగలవచ్చు. డీఎంఆర్‌ఎల్‌లో 2,000 టన్నుల ప్రెస్సుపై అచ్చునూ లోహాన్నీ దాదాపు ఒకే వేడిలో ఉంచి నెమ్మదిగా నొక్కుతారు. అయిదు దశల డిస్కులకూ ఈ పద్ధతిని సాధించి, 200 ఫోర్జింగులను బెంగళూరులోని విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్ ఇంజిను విభాగానికి అందించినట్టు 2021 మేలో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ ప్రకటించింది.

ఇలా తయారైన భాగం నేరుగా విమానం ఎక్కదు. కంటికి కనబడని లోపాల కోసం లోహాన్ని పరీక్షిస్తారు. ఏ దిమ్మె నుంచి వచ్చిందో, ఎంత వేడిలో నొక్కారో అన్నీ నమోదు చేస్తారు. బెంగళూరులోని సైనిక విమానాల ధ్రువీకరణ సంస్థ సెమిలాక్ యోగ్యతను నిర్ధారించి అనుమతి ఇచ్చాకే దాన్ని ఇంజినులో బిగిస్తారు. పైలట్ ప్రాణం ఆ డిస్కు మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి ఇందులో ఏ మెట్టునూ దాటవేయరు.