సబ్‌నెట్‌ల మధ్య సేవల అన్వేషణ

నెట్‌వర్కులోని ప్రింటర్లు, ఫైలు సర్వర్లు, టీవీలు మొదలైన పరికరాలను, వాటి చిరునామాలు ఎవరూ చెప్పకుండానే, కంప్యూటరు తనంతట తాను కనుగొనడాన్ని సేవల అన్వేషణ అంటారు. రౌటరు సాయం లేకుండా నేరుగా సంభాషించుకోగల పరికరాల సముదాయం సబ్‌నెట్. ఈ అన్వేషణ మామూలుగా ఒక సబ్‌నెట్‌కే పరిమితం. రౌటరుకు అవతలనున్న పరికరాలు కూడా కనిపించేటట్లు దానిని విస్తరించడమే ఈ వ్యాసంలోని విషయం.

ఒకే సబ్‌నెట్‌లో అన్వేషణ

పేరును చిరునామాగా మార్చే డిఎన్ఎస్ వ్యవస్థకు ఒక సర్వరు అవసరం. ఇళ్ళలో, చిన్న కార్యాలయాలలో అటువంటి సర్వరును నడిపేవారు ఉండరు. ఈ లోటును మల్టీకాస్ట్ డిఎన్ఎస్ తీరుస్తుంది. ఇందులో ప్రశ్నను 224.0.0.251 అనే సమూహ చిరునామాకు, 5353 పోర్టుకు పంపుతారు. సబ్‌నెట్‌లో అందరూ వింటారు, సంబంధించిన పరికరం జవాబిస్తుంది. ఈ పద్ధతిలో పేర్లు "లోకల్" అనే ప్రత్యయంతో ముగుస్తాయి. ఆపిల్ సంస్థ దీనిని 2002లో రెండెవూ అనే పేరుతో ప్రవేశపెట్టి, 2005లో బాంజూర్ అని పేరు మార్చింది. లినక్స్‌లో ఇదే పనిని అవాహి అనే సాఫ్ట్‌వేరు చేస్తుంది. స్టువర్ట్ చెషైర్, మార్క్ క్రోచ్‌మల్ రచించిన ప్రమాణ పత్రాలు ఆర్‌ఎఫ్‌సి 6762, 6763 అనే సంఖ్యలతో 2013లో వెలువడ్డాయి.

హద్దు ఎందుకు ఏర్పడింది

224.0.0.0 నుండి 224.0.0.255 వరకు గల చిరునామాలకు వచ్చిన సందేశాలను రౌటర్లు ముందుకు పంపవు. ఊరిలో వేసిన దండోరా పొలిమేర దాటి వినిపించనట్లే, ఈ ప్రశ్నలూ సబ్‌నెట్ దాటవు. ఇది లోపం కాదు, కోరి పెట్టుకున్న కట్టుబాటు. ప్రతి పరికరం వేసే కేక పెద్ద నెట్‌వర్కు అంతటా వ్యాపిస్తే అసలు పనికి చోటు మిగలదు. అంతకు ముందరి ఆపిల్‌టాక్ పద్ధతిలో రౌటర్లే "జోన్" అనే విభాగాలవారీగా ఈ ప్రశ్నలను చేరవేసేవి. అంటే 1980లలోనే ఉన్న సదుపాయం కొత్త పద్ధతిలో లేకుండా పోయింది. మాక్ ఓఎస్ 10.6 విడుదలతో 2009లో ఆపిల్‌టాక్‌కు ఆ వ్యవస్థలో చోటు పోయింది.

ఈ కొరత విశ్వవిద్యాలయాలలో తీవ్రంగా కనిపించింది. అక్కడ వైర్‌లెస్ వాడుకరులు ఒక సబ్‌నెట్‌లోను, తరగతి గదుల పరికరాలు వేరొక దానిలోను ఉండటం సాధారణం. తన చేతిలోని ఐప్యాడ్‌కు ఎదుటి గోడనున్న తెరే కనిపించకపోతే అధ్యాపకునికి ఆ పరికరంతో ప్రయోజనమేమి? 2012లో అమెరికా విశ్వవిద్యాలయాల వైర్‌లెస్ నెట్‌వర్కు నిర్వాహకులు దీనికి పరిష్కారం చూపవలసిందిగా ఆపిల్‌కు వినతిపత్రం సమర్పించారు. ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ సంస్థలో ఈ పనికై 2013లో ఒక బృందం ఏర్పడింది.

విస్తరించే మార్గాలు

అన్నిటికంటె తేలిక మార్గం ప్రతిఫలనం. రెండు సబ్‌నెట్‌లలోనూ కాలు మోపిన యంత్రం ఒక వైపు విన్న సందేశాన్ని రెండో వైపు తిరిగి పలుకుతుంది. అవాహిలో అమరికల ఫైలులో ఒక పంక్తి మారిస్తే చాలు. ఇంటికి ఇది సరిపోతుంది. పెద్ద ప్రాంగణాలకు మాత్రం తగినది కాదు. వైఫైలో సమూహ సందేశాలను సాధారణంగా తక్కువ వేగంతో పంపుతారు గనుక, అవి పెరిగినకొద్దీ అందరి వేగం తగ్గుతుంది. అవే రెండు సబ్‌నెట్‌ల మధ్య ఇటువంటి యంత్రాలు రెండు ఉంటే ఒకే సందేశం వాటి మధ్య తిరుగుతూనే ఉండవచ్చు. పైగా యజమాని పేరుతో ఉన్న ఫోన్లు, కంప్యూటర్లు ప్రాంగణమంతటికీ కనిపిస్తాయి.

రెండవ మార్గంలో సేవల వివరాలను సాధారణ డిఎన్ఎస్ సర్వరులోనే నమోదు చేస్తారు. నిర్వాహకుడు చేతితో వ్రాస్తే, ప్రింటరు గది మారిన ప్రతిసారీ పట్టికను దిద్దవలసి ఉంటుంది.

ఈ రెంటి మేలు కలిసినది 2020లో ఆర్‌ఎఫ్‌సి 8766గా వెలువడిన అన్వేషణ ప్రాక్సీ. ఇందులో ప్రతి సబ్‌నెట్‌కు డిఎన్ఎస్‌లో ఒక ఉపడొమైను కేటాయిస్తారు. దూరాన ఉన్న కంప్యూటరు ఆ ఉపడొమైను గురించి ప్రాక్సీని మామూలు డిఎన్ఎస్ ప్రశ్న అడుగుతుంది. ప్రాక్సీ తన సబ్‌నెట్‌లో మల్టీకాస్ట్ ద్వారా విచారించి, "లోకల్" బదులు ఉపడొమైను పేరు చేర్చి జవాబు పంపుతుంది. అడిగినవారికే జవాబు వెళుతుంది గనుక కేకలు హద్దు దాటవు. 169.254తో మొదలయ్యే చిరునామాలు ఆ సబ్‌నెట్ బయట పనికిరావు కాబట్టి వాటిని జవాబులో చేర్చదు.

పరికరం తన వివరాలను తానే సర్వరుకు తెలియజేసే నమోదు పద్ధతి 2025లో ఆర్‌ఎఫ్‌సి 9665గా వచ్చింది. బ్యాటరీతో నడిచే చిన్న పరికరాలు ఎప్పుడూ మేలుకొని ప్రశ్నలు వినలేవు గనుక, థ్రెడ్ నెట్‌వర్కులలో దీనినే వాడుతున్నారు.

పరిమితులు

కనిపించడం వేరు, అందడం వేరు. ఫైర్‌వాల్ అడ్డుకొంటే ప్రింటరు పేరు జాబితాలో ఉన్నా కాగితం బయటకు రాదు. అలాగే యుపిఎన్‌పి వాడే పరికరాలు 239.255.255.250 చిరునామాకు, 1900 పోర్టుకు ప్రశ్నలు పంపుతాయి. మల్టీకాస్ట్ డిఎన్ఎస్ కోసం పెట్టిన ప్రతిఫలన యంత్రం వీటిని పట్టించుకోదు. వాటికి వేరుగా ఏర్పాటు చేయాలి.