ఉప్పునీటి నుంచి క్లోరిన్: విద్యుత్తు దిశ కథ

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు నికోబార్ దీవుల్లో ఎన్నో బావులు ఉప్పుబారాయి. తాగే నీటిలో క్రిములు లేకుండా చూడటం ప్రాణావసరమైంది. బ్లీచింగ్ పౌడర్ అయితే ఓడల్లో రావాలి. పైగా దీవుల వేడికీ తేమకూ నిల్వలోనే దాని బలం తగ్గిపోతుంది. చుట్టూ ఉన్న సముద్రంలోని ఉప్పులోనే క్లోరిన్ ఉంది గదా, దాన్నే తీసుకోకూడదా అని మీరు అడగవచ్చు.

ఆ ఆలోచన కొత్తదేమీ కాదు. 1915లో హెన్రీ డాకిన్ అనే రసాయన శాస్త్రవేత్త ఆక్విటేనియా అనే ఆసుపత్రి ఓడలో సముద్రపు నీటిలోకి విద్యుత్తు పంపి క్రిమిసంహారక ద్రావణం తయారుచేయించాడు. ఆ కాలపు ఓడల్లో సాధారణంగా ఏకముఖ విద్యుత్తే, అంటే డి.సి.యే, ఉండేది. అందువల్ల ఆ పని సులువైంది.

ఎందుకో చూద్దాం. ఏకముఖ విద్యుత్తులో ధనధ్రువం ఎప్పుడూ ధనధ్రువమే. అక్కడ క్లోరైడ్ అయాన్లు క్లోరిన్‌గా మారుతాయి. రుణధ్రువం వద్ద హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ ఏర్పడతాయి. రెండు వైపుల నీరు కలిస్తే క్రిములను చంపే హైపోక్లోరైట్ తయారవుతుంది. మన ఇళ్లకు వచ్చే ఏ.సి. అలా కాదు. సెకనుకు 100 సార్లు దిశ మారుస్తుంది. ఒక క్షణంలో పుట్టిన క్లోరిన్ మరుక్షణమే తిరిగి క్లోరైడ్ అవుతుంది. కరెంటు ఖర్చవుతుంది, ఫలితం మాత్రం చాలా తక్కువ.

ఏ.సి. ప్రపంచాన్ని గెలిచిందని పుస్తకాల్లో చదువుకుంటాం. కానీ 1895లో నయాగరా జలవిద్యుత్ కేంద్రం ఏ.సి. ఇస్తే, దాన్ని కొన్న అల్యూమినియం కర్మాగారం యంత్రాలతో మళ్లీ డి.సి.గా మార్చుకోవలసి వచ్చింది. విద్యుద్విశ్లేషణకు ఓటమి తెలియని విద్యుత్తు డి.సి.!

అండమాన్‌లోని డీజిల్ జనరేటర్లు ఇచ్చేదీ ఏ.సి.యే. కనుక అక్కడ ఈత కొలనుకైనా, తాగునీటి ట్యాంకుకైనా క్లోరిన్ యంత్రం పెడితే ముందు రెక్టిఫయర్ ఉండాలి. సౌర ఫలకాలు ఇచ్చేది మాత్రం నేరుగా డి.సి. 2013లో పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీవిజయపురం) దగ్గర ఎన్‌టీపీసీ 5 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం నెలకొల్పింది. అయితే అది గ్రిడ్‌కు ఇచ్చేటప్పుడు ఏ.సి.గా మారుతుంది. చిన్న ఫలకాన్ని నేరుగా యంత్రానికి కలిపితే ఈ రెండు మార్పిడులూ తప్పుతాయి.

ఒక హెచ్చరిక: ఈ యంత్రం క్రిములను చంపుతుందే గాని, ఉప్పుబారిన బావినీటిలోని ఉప్పును తీయదు.

ఇంకో విచిత్రం. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం రుణధ్రువంపై తెల్లని పొలుసులా పేరుకుంటాయి. దాన్ని రాల్చడానికి ఈత కొలనుల యంత్రాలు కొన్ని గంటలకొకసారి దిశ మారుస్తాయి. అతిగా మార్చితే టైటానియం పలకపై ఉన్న విలువైన పూత అరిగిపోతుంది.