డాక్టర్ గ్రీన్ చివరి ఏడాది

1994 సెప్టెంబరు 19న అమెరికాలో ఎన్‌బీసీ ఛానల్ 'ఈఆర్' ధారావాహికను మొదలుపెట్టింది. మొదటి సన్నివేశంలో ఒక డాక్టరు నిద్రపోతుంటాడు. చికాగోలో కౌంటీ జనరల్ అనే కల్పిత ఆసుపత్రి, దాని అత్యవసర విభాగం, అందులో ఒక చీకటి గది. పేషెంట్లను పడుకోబెట్టే బల్ల మీదే ఒళ్లు వాల్చి ఉంటాడు మార్క్ గ్రీన్. నర్సు వచ్చి లేపుతుంది. వచ్చిన పేషెంటు ఎవరో కాదు, ఆయన స్నేహితుడే. పిల్లల డాక్టరు డగ్ రాస్ ఒళ్లు తెలియకుండా తాగి వచ్చాడు. గ్రీన్ విసుక్కోడు. సెలైన్ పెట్టి పడుకోబెడతాడు.

ఆ తర్వాత ఎనిమిదేళ్లపాటు ప్రేక్షకులు ఆయన్ని అలాగే చూశారు. బట్టతల, కళ్లజోడు, అలసిన మొహం. జార్జ్ క్లూనీ పోషించిన రాస్‌కున్న అందం ఆయనకు లేదు, సర్జన్ పీటర్ బెంటన్‌కున్న పొగరూ లేదు. అయినా ఆ విభాగం నడిచింది ఆయన చేతుల మీదే. ఆంథొనీ ఎడ్వర్డ్స్ ఆ పాత్రను ఎంత సాదాగా చేశాడంటే, ఆయన నటిస్తున్నాడన్న సంగతే జనం మరిచిపోయారు. ఆ గ్రీన్ ఎలా కూలిపోయాడో చెప్పే కథే 2001 సెప్టెంబరు 27 నుంచి 2002 మే 16 వరకు నడిచిన ఎనిమిదో సీజన్.

ఆ కథకు పునాది అంతకు ముందే పడింది. మైకేల్ క్రైటన్ వైద్య విద్యార్థిగా తాను చూసిన అనుభవాల నుంచి 1974లోనే రాసి పెట్టుకున్న స్క్రిప్టు ఈ ధారావాహికకు మూలం. ఏ డాక్టరూ దేవుడు కాడన్నది దాని ఊపిరి. 1995 మార్చి 9న వచ్చిన 'లవ్స్ లేబర్ లాస్ట్' భాగంలో గ్రీన్ ఒక నిండు గర్భిణికి మూత్రకోశంలో ఇన్‌ఫెక్షన్ అనుకుని మందు రాసి ఇంటికి పంపేస్తాడు. అసలు జబ్బు ప్రీఎక్లాంప్సియా, గర్భిణుల్లో రక్తపోటు ప్రమాదకరంగా పెరిగే స్థితి. ఫిట్స్‌తో ఆమె తిరిగొస్తుంది. బిడ్డ దక్కుతుంది, తల్లి దక్కదు. గంటల తరబడి పోరాడి ఓడిన ఆ డాక్టరు తెల్లవారాక రైల్లో కూర్చుని ఏడుస్తాడు. రచనకూ దర్శకత్వానికీ ఎమ్మీ అవార్డులు తెచ్చిన ఆ భాగం రాసిన లాన్స్ జెంటైల్ స్వయంగా అత్యవసర వైద్యుడు. గ్రీన్ తప్పు చేయగలడని, చేస్తే మోస్తాడని ఆ రోజే తెలిసింది.

ఆపైన ఒక్కొక్కటే వచ్చి పడ్డాయి. భార్య జెన్నిఫర్ విడిపోయింది. కూతురు రేచెల్ తల్లి దగ్గరే పెరిగింది. ప్రేమిస్తున్నానని చెప్పే ధైర్యం చిక్కేసరికి సుసాన్ లూయిస్ ఊరు వదిలి రైలెక్కేసింది. 1997లో ఆసుపత్రి బాత్రూంలోనే ఎవరో దాడి చేసి చావబాదారు. 2000లో తండ్రి కన్నుమూశాడు. నౌకాదళంలో పనిచేసిన ఆ తండ్రితో జీవితమంతా పడని గ్రీన్, చివరి రోజుల్లో మాత్రం ఆయన్ని తన దగ్గరే పెట్టుకుని చూసుకున్నాడు. ఆ తర్వాత ఏడో సీజన్లో, ఇంగ్లండు నుంచి వచ్చిన సర్జన్ ఎలిజబెత్ కోర్డేతో జీవితం ఒక దారిన పడుతోందనుకునే వేళకు ఆయన నోట మాట తడబడింది.

చెప్పాలనుకున్న మాట నాలుక దాకా వచ్చి ఆగిపోవడం. జబ్బు బయటపడింది అలాగే. మెదడులో, భాషను నడిపే చోటికి దగ్గరగా గ్లయోబ్లాస్టోమా. మెదడు కణుతుల్లో దీనంత క్రూరమైనవి తక్కువ. చేలో తుంగ పీకినట్టే ఉంటుంది దీని ఆపరేషన్. కంటికి కనిపించిందంతా తీసేసినా అడుగున గడ్డ మిగిలే ఉంటుంది. రోగులు సాధారణంగా బతికేది ఏడాది, ఏడాదిన్నర. న్యూయార్క్‌లో ఆపరేషన్ చేయించుకుని గ్రీన్ తిరిగొచ్చాడు, ఎలిజబెత్‌ను పెళ్లాడాడు, వాళ్లకు కూతురు ఎల్లా పుట్టింది. ప్రేక్షకులు గండం గడిచిందనుకున్నారు. వైద్యం తెలిసినవాళ్లు మాత్రం అనుకుని ఉండరు.

కానీ ఈ పతనానికి కణితి ఒక్కటే కారణం కాదు. 2001 మే 17న ప్రసారమైన ఏడో సీజన్ ఆఖరి భాగం 'రాంపేజ్'లో ఇంకొకటి జరిగింది. కన్నకొడుకును హింసించిన డెరెక్ ఫాసెన్ అనేవాడి నుంచి అధికారులు ఆ పిల్లవాణ్ణి తీసుకెళ్లిపోతారు. వాడు తుపాకీ పట్టుకుని ఊరి మీద పడి, దొరికినవాళ్లను దొరికినట్టు కాలుస్తాడు. తన భార్యాబిడ్డల ప్రాణాలకూ ముప్పుందని గ్రీన్ రోజంతా వణికిపోతాడు. చివరికి వాడే తూటా గాయాలతో కౌంటీ జనరల్‌కు వస్తాడు. ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లే లిఫ్టులో గ్రీన్, ఫాసెన్ ఇద్దరే మిగులుతారు. ఫాసెన్ గుండె లయ తప్పుతుంది. గ్రీన్ డీఫిబ్రిలేటర్ ప్యాడిల్స్ చేతిలోకి తీసుకుంటాడు, చార్జ్ చేస్తాడు. రోగి ఛాతీకి ఆనించడు. గాలిలోనే షాకు వదిలేస్తాడు. యంత్రంలో షాకు ఇచ్చినట్టే నమోదవుతుంది. ఎదుటి మనిషి కళ్లముందే పోతాడు.

ఎనిమిదో సీజన్ అంతటి మీదా ఆ లిఫ్టు నీడ ఉంది. రచయితలు గ్రీన్‌ను కోర్టుకు ఈడ్చలేదు, ఉద్యోగం ఊడగొట్టలేదు. జబ్బు తిరగబెట్టడం ఆ పాపానికి ఫలమని ఒక్క మాట కూడా అనిపించలేదు. కర్మఫలంలా చూపడం ఏ కథకుడికైనా తేలిక. వాళ్లు ఆ దారి పట్టలేదు. ఒక మంచి మనిషి ఒక ఘోరం చేశాడు, ఆ తర్వాత ఆ మనిషే జబ్బు పడ్డాడు, అంతే. ఈ రెంటికీ ముడి పెట్టాలో వద్దో చూసేవాడికే వదిలేశారు. ఆ నిగ్రహం వల్లే గ్రీన్ పట్ల మన జాలి చౌకబారుగా మారదు.

ఆ ఏడాది ఆసుపత్రిలో అన్నీ జారిపోతూనే ఉన్నాయి. సీజన్ మొదట్లోనే డాక్టర్ మలూచీ ఉద్యోగం పోయింది. డిసెంబరులో, కొడుకు రీస్‌ను తన దగ్గర ఉంచుకోవడం కోసం బెంటన్ కౌంటీని వదిలి వెళ్లాడు. గ్రీన్ ఇంట్లోనూ అదే వరస. తల్లితో గొడవపడి రేచెల్ చెప్పాపెట్టకుండా తండ్రి దగ్గరికి వచ్చేసింది. ఎదిగీ ఎదగని వయసు, ఒంటినిండా కోపం. ఆమె సంచిలోని ఎక్‌స్టసీ అనే మత్తు మాత్రను చంటిపిల్ల ఎల్లా మింగింది. పిల్ల చావు దాకా వెళ్లి బతికింది. రేచెల్‌ను పంపించెయ్యమంది ఎలిజబెత్. గ్రీన్ పంపలేకపోయాడు. ఎలిజబెత్ ఎల్లాను తీసుకుని ఇల్లు వదిలి వెళ్లింది.

సరిగ్గా అప్పుడే కణితి మళ్లీ కనిపించింది. గ్రీన్ ఆ మాట భార్యకు చెప్పలేదు. జాలిపడి తిరిగి రావడం ఆయనకు ఇష్టం లేదు. ఆ రహస్యం ముందుగా తెలిసింది, ఆ ఏడాదే కౌంటీకి తిరిగొచ్చిన సుసాన్‌కు. మన ఇళ్లలో ఇది తిరగేసి జరుగుతుంది. క్యాన్సర్ అని తేలగానే కొడుకో అల్లుడో డాక్టరును పక్కకు పిలిచి "నాన్నగారికి మాత్రం చెప్పకండి సార్" అని బతిమాలుకుంటాడు. ఇంట్లో అందరికీ తెలుస్తుంది, జబ్బుపడ్డ మనిషికి తప్ప. గ్రీన్ ఇంట్లో జబ్బుపడ్డ మనిషికే అంతా తెలుసు, ఇల్లాలికి తెలియదు. ఎటు తిప్పినా దాచడంలో ఉన్న ఒంటరితనం ఒక్కటే. నిజం తెలిశాక ఎలిజబెత్ తిరిగి వచ్చింది. పోట్లాట పూర్తిగా తీరి కాదు, తీర్చుకునేంత సమయం ఇక లేదు గనుక.

2002 ఏప్రిల్ 4న వచ్చిన 'ఓరియన్ ఇన్ ద స్కై' ఆయన ఆఖరి డ్యూటీ కథ. ఈ సీజన్లో నాకు అన్నింటికన్నా పెద్దదిగా కనిపించేది ఆ భాగమే. ఎప్పటిలాగే పేషెంట్లు వస్తుంటారు, ఆయన చూస్తుంటాడు. వీడ్కోలు సభ లేదు, శాలువాలు లేవు. జాన్ కార్టర్‌కు ఒక్క మాట చెప్పి వెళ్లిపోతాడు. ఇక్కడి వాతావరణం ఎలా ఉండాలో ఇకమీదట నీ మీదే ఆధారపడి ఉంటుందన్నది ఆ మాట సారాంశం. మొట్టమొదటి భాగంలో నర్సు కారల్ హాథవే నిద్రమాత్రలు మింగి ప్రాణాపాయ స్థితిలో వచ్చినప్పుడు, దిగాలుపడిన విభాగాన్ని నిలబెట్టమంటూ పెద్ద డాక్టరు మోర్గెన్‌స్టర్న్ గ్రీన్‌కు చెప్పిన మాట కూడా ఇదే. ఒకప్పుడు గ్రీన్ చేతికింద తడబడుతూ సూదులు పట్టుకున్న విద్యార్థి కార్టర్. ఒక తరం తన చేతిలో ఉన్నది తరవాతి తరం చేతిలో పెట్టడానికి ఎనిమిదేళ్లు పట్టింది. దానికి ఎనిమిది వాక్యాలు కూడా వాడలేదు.

మే 2న 'ద లెటర్'. హవాయి నుంచి ఫ్యాక్సులో గ్రీన్ ఉత్తరం వస్తుంది. కార్టర్ చదువుతాడు. కలిసి పనిచేసినవాళ్లకు రాసిన సెలవు లేఖ అది. వెంటే ఎలిజబెత్ రాసిన కాగితం: ఆ ఉదయం మార్క్ పోయాడని. ఎనిమిదేళ్లుగా బయటివాళ్లకు చావు కబురు చెప్పడమే పనైన మనుషులు ఆ రోజు తమ కబురు తామే చదువుకోవాల్సి వచ్చింది. ఎవరి బాధ వాళ్లది. ఒకరు ఏడ్చారు, ఒకరు కోపగించుకున్నారు, ఒకరు పనిలో తల దూర్చారు. ఆ రోజూ అంబులెన్సులు వస్తూనే ఉన్నాయి.

చావు సంగతి ముందే చెప్పేసి, వారం తర్వాత మే 9న 'ఆన్ ద బీచ్'లో ఆ చావు దగ్గరికి తీసుకెళ్లారు. రచన, దర్శకత్వం రెండూ జాన్ వెల్స్‌వే. ఏమవుతుందన్న ఉత్కంఠను కథకుడే తెంచేశాడు కనుక ఇక చూడాల్సింది ఎలా పోయాడన్నదే. చిన్నతనంలో కొన్నాళ్లు గడిపిన హవాయికి రేచెల్‌ను తీసుకెళతాడు గ్రీన్. ఆమె మొహం మాడ్చుకుని తిరుగుతుంది. కారు నడపడం నేర్పుతాడు. మాట ముద్దగా వస్తుంది, ఒళ్లు స్వాధీనం తప్పుతుంది. ఎలిజబెత్ చంటిపిల్లతో వచ్చి చేరుతుంది. తండ్రిగా ఎన్నో ఏళ్లు బాకీపడ్డ మనిషి నాలుగు రోజుల్లో ఆ బాకీ తీర్చాలని చూస్తాడు. తీరదని తనకూ తెలుసు. చివరికి కూతురికి ఆయన చెప్పగలిగిందల్లా, నీ దగ్గరున్నది ఇతరులకు ఇస్తూ ఉదారంగా బతకమని. మంచాన పడి ఉన్న తండ్రి చెవులకు రేచెల్ హెడ్‌ఫోన్స్ పెడుతుంది. ఇజ్రాయెల్ కమకవివోఓలే అనే హవాయి గాయకుడి గొంతు వినిపిస్తుంటుంది. ఆ పాటలోనే ఆయన వెళ్లిపోతాడు.

'ఈఆర్'లో ఆసుపత్రి సిబ్బంది చావులకే కొదవ లేదు. 2000 ఫిబ్రవరిలో లూసీ నైట్ కత్తిపోట్లకు బలైంది. రొమానో మీద 2003లో హెలికాప్టర్ వచ్చి పడింది. గాలంట్ ఇరాక్ యుద్ధంలో పోయాడు. ప్రాట్ అంబులెన్సు పేలుడులో గాయపడి పోయాడు. అన్నీ పిడుగుపాట్లే. చూసేవాడు ఉలిక్కిపడతాడు, వారం తిరిగేసరికి సర్దుకుంటాడు. గ్రీన్‌కు మాత్రం నెలల తరబడి సమయం ఇచ్చారు. పేలుడు లేదు, కుట్ర లేదు. మాట తడబడటం, చెయ్యి వణకడం, కీమో గదిలో వేచి ఉండటం, ఇంట్లో తలుపులు వేసుకోవడం. మన కుటుంబాల్లో మనుషులు నిజంగా పోయేది ఇలాగే కదా. టెలివిజన్ సాధారణంగా దాటేసే ఆ నిదానాన్ని ఆ సీజన్ దాటెయ్యలేదు.

ఆ తర్వాత ఆ విభాగం మారిపోయింది. కార్టర్ వెళ్లాడు, ఎలిజబెత్ ఇంగ్లండుకు మళ్లింది, కొత్త మొహాలు వచ్చాయి. కౌంటీ జనరల్‌కు నమూనాగా నిలిచిన నిజమైన కుక్ కౌంటీ ఆసుపత్రి పాత భవనం కూడా గ్రీన్ పోయిన 2002లోనే డిసెంబరులో మూతపడింది, పేషెంట్లను పక్కనే కట్టిన స్ట్రోజర్ ఆసుపత్రికి మార్చారు. ధారావాహిక 15 సీజన్లు, 331 భాగాలు నడిచి 2009 ఏప్రిల్ 2న ముగిసింది. ఆఖరి భాగంలో వైద్యవిద్యలో సీటు కోసం కౌంటీకి వచ్చిన పిల్లల్లో రేచెల్ గ్రీన్ ఉంది.

తర్వాతి ఏడు సీజన్లలో మంచి భాగాలు చాలానే వచ్చాయి. కానీ చూసేవాడు ఇంత నమ్మి తోడు నడిచిన మనిషి మళ్లీ దొరకలేదు. ఒకప్పుడు ఊళ్లో ఒకే ఒక డాక్టరు మంచాన పడితే ఊరంతా ఎందుకు కలవరపడేదో ఈ సీజన్ చూస్తే అర్థమవుతుంది. చూడాలనుకునేవారికి ఒక్క మనవి: పాట కోసం తిన్నగా హవాయి భాగానికి వెళ్లకండి. 'రాంపేజ్' నుంచి మొదలుపెట్టండి. లిఫ్టులో గ్రీన్ ఏం చేశాడో తెలిసి కూడా ఆయన కోసం ఏడవగలిగితేనే ఈ కథ మీకు పూర్తిగా అందినట్టు.