డేటాబేస్ నుంచి వెబ్ ఏపీఐ: ఓపెన్ సోర్స్ ఉపకరణాలు

డేటాబేస్‌లోని పట్టికలను, వాటి మధ్య ఉన్న సంబంధాలను తమంతట తామే చదువుకుని, వాటికి వెబ్ మీదుగా దారి వేసే సాఫ్ట్‌వేర్లు ఈ కోవకు చెందుతాయి. ప్రోగ్రామరు పట్టిక తయారుచేస్తే చాలు. అందులోని వరుసలను చదవడానికి, కొత్తవి చేర్చడానికి, దిద్దడానికి, తీసేయడానికి కావలసిన చిరునామాలను ఉపకరణమే సమకూరుస్తుంది. పోస్ట్‌గ్రెస్ట్, పోస్ట్‌గ్రాఫైల్, హసురా, డైరెక్టస్, డ్రీమ్‌ఫ్యాక్టరీ, పీహెచ్‌పీ-క్రడ్-ఏపీఐ వీటిలో పేరున్నవి. పైకి చూస్తే అన్నీ చేసే పని ఒకటే. ఏ మనిషికి ఏ వరుస కనిపించాలో ఎవరు తేల్చాలి, డేటాబేసా, దాని ముందు నిలబడిన ఉపకరణమా అన్న దగ్గర మాత్రం దారులు చీలిపోతాయి.

పూర్వరంగం

ఎడ్గర్ కాడ్ 1970లో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించినప్పటి నుంచి వెబ్ పుట్టేదాకా ఈ చరిత్రలో చెప్పుకోదగ్గ ఘట్టాలు తక్కువ. 2000లో రాయ్ ఫీల్డింగ్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు అర్వైన్ ప్రాంగణంలో సమర్పించిన సిద్ధాంత గ్రంథం ‘రెస్ట్’ అనే నిర్మాణ శైలిని వివరించింది. ప్రతి వస్తువుకూ ఒక చిరునామా, దానిపై చేసే పనులకు గెట్, పోస్ట్, డిలీట్ వంటి కొద్దిపాటి క్రియలు అన్నది స్థూలంగా దాని సారం. పట్టికలకు, వరుసలకు ఈ పద్ధతి చక్కగా అతికింది.

2004లో వచ్చిన రూబీ ఆన్ రెయిల్స్, పట్టికను బట్టి ప్రోగ్రామును పుట్టించే అలవాటును ప్రచారంలోకి తెచ్చింది. అయితే అది పుట్టించి ఇచ్చిన కోడ్‌ను ఆ తర్వాత సాకాల్సింది ప్రోగ్రామరే. నలభై పట్టికలున్న మామూలు వ్యాపార డేటాబేస్‌ను తీసుకుంటే, పట్టికకు నాలుగు పనుల చొప్పున నూట అరవై దారులవుతాయి. ప్రతి దారిలోనూ లోపలికొచ్చిన సమాచారాన్ని సరిచూడటం, క్వెరీ కట్టడం, జవాబును జేసన్ రూపంలోకి మార్చడం ఉంటాయి. ఒక పట్టికలో కాలమ్ పేరు మారిందంటే ఇవన్నీ వెతుక్కుంటూ పోవాలి. ఈ విసుగే తర్వాతి ఉపకరణాలకు మూలం.

డేమియన్ కాట్జ్ 2005లో మొదలుపెట్టిన కౌచ్‌డీబీ వేరే దారి తొక్కింది. అక్కడ డేటాబేస్ తానే హెచ్‌టీటీపీలో మాట్లాడుతుంది, మధ్యవర్తితో పని లేదు. కాకపోతే అది రిలేషనల్ డేటాబేస్ కాదు. మైక్రోసాఫ్ట్ 2007లో ఆస్టోరియా అనే మారుపేరుతో మొదలుపెట్టిన ప్రయత్నం ఓడేటా ప్రమాణంగా ఎదిగి, నాలుగో రూపంలో 2014లో ఒయాసిస్ సంస్థ ఆమోదం పొందింది. పెద్ద సంస్థల సాఫ్ట్‌వేర్లలో అది స్థిరపడిందే గానీ ఓపెన్ సోర్స్ లోకంలో పెద్దగా అభిమానులను సంపాదించుకోలేదు. పైథాన్‌లో ఈవ్ (2012), శాండ్‌మన్ (2013), జావాలో స్ప్రింగ్ డేటా రెస్ట్, నోడ్‌లో స్ట్రాంగ్‌లూప్ వారి లూప్‌బ్యాక్ కూడా ఈ దశలోనివే. స్ట్రాంగ్‌లూప్‌ను 2015లో ఐబీఎం కొనేసింది.

పోస్ట్‌గ్రెస్ట్

ఈ రంగాన్ని మలుపు తిప్పినది పోస్ట్‌గ్రెస్ట్. జో నెల్సన్ దీన్ని 2014లో హాస్కెల్ భాషలో ప్రారంభించారు. అది పుట్టడానికి నేల ముందే సిద్ధమైంది. 2012 సెప్టెంబరులో విడుదలైన పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 9.2 రూపం, జేసన్‌ను ఒక దత్తాంశ రకంగా గుర్తించి, వరుసను నేరుగా జేసన్‌గా మార్చే ఫంక్షన్‌ను కూడా ఇచ్చింది. జవాబును డేటాబేసే తయారుచేసి ఇవ్వగలిగినప్పుడు మధ్యలో ఉన్న ప్రోగ్రాముకు మిగిలే పని చాలా కొంచెం. ఆ కొంచెం పనినే శ్రద్ధగా చేయడం పోస్ట్‌గ్రెస్ట్ విశిష్టత.

ఒక అభ్యర్థన లోపలికొచ్చినప్పుడు జరిగేది ఇది. పోస్ట్‌గ్రెస్ట్ డేటాబేస్‌లోకి ప్రవేశించేది స్వతహాగా ఏ హక్కులూ లేని ఒక ఖాతాతో. దానికున్న అర్హతల్లా వేరే పాత్రలోకి మారగలగడమే. అభ్యర్థనతో పాటు వచ్చిన జేడబ్ల్యూటీ టోకెన్ సంతకాన్ని సరిచూసి, అందులో రాసి ఉన్న పాత్ర పేరును చదువుతుంది. టోకెన్ లేకపోతే అనామక పాత్ర. ఒక ట్రాన్సాక్షన్ తెరిచి, అది ముగిసేదాకా ఆ పాత్రలోకి మారి, వచ్చిన అభ్యర్థనను ఒకే క్వెరీగా నడిపి, ట్రాన్సాక్షన్ మూసేస్తుంది. వేషం తీసేసిన ఖాతా మళ్లీ హక్కుల్లేనిదే. అనుమతి లేదని చెప్పే పని పోస్ట్‌గ్రెస్ట్‌ది కాదు, ఆ మాట డేటాబేసే అంటుంది.

వడపోత చిరునామాలోనే ఉంటుంది. పుస్తకాల పట్టికలో రెండు వందలు, ఆపై ధర ఉన్నవి కావాలంటే పట్టిక పేరు తర్వాత ప్రశ్నార్థకం పెట్టి, ధర కాలమ్ పేరు, సమాన గుర్తు, ‘జీటీఈ’ అనే మూడక్షరాల సంకేతం, చుక్క, 200 అని రాస్తే సరిపోతుంది. పుస్తకంతో పాటు రచయిత పేరూ కావాలంటే కాలమ్‌ల జాబితాలో రచయితల పట్టిక పేరు రాసి, కుండలీకరణాల్లో కావలసినవి పెడతారు. రెండు పట్టికలను ఎలా కలపాలో ఫారిన్ కీ చూసి ఉపకరణమే తెలుసుకుంటుంది. పట్టికలకు తెలుగులో పేర్లు పెట్టినా పోస్ట్‌గ్రెస్‌కు, పోస్ట్‌గ్రెస్ట్‌కు అభ్యంతరం లేదు. అయితే చిరునామాలోకి ఎక్కేటప్పుడు యూనికోడ్‌లోని ఒక్కో తెలుగు గుర్తు శాతం గుర్తులతో సహా తొమ్మిది అక్షరాలవుతుంది. ఆ లెక్కన ‘పుస్తకాలు’ అనే చిన్న మాట 81 అక్షరాల గొలుసు.

2016 జనవరి 7న విడుదలైన పోస్ట్‌గ్రెస్ 9.5 ఈ కథలో రెండో ముఖ్య తేదీ. వరుసల వారీ భద్రత అప్పటి నుంచే అందుబాటులోకి వచ్చింది. అంతకుముందు పట్టిక మొత్తానికో, కాలమ్‌కో హక్కులు ఇవ్వగలిగేవారు. ఇప్పుడు ఒకే పట్టికలో ఎవరి ఆర్డర్లు వారికే కనిపించేలా విధానం రాయవచ్చు. ఆ విధానం పోస్ట్‌గ్రెస్ట్ నుంచి వచ్చినవారికే కాదు, అదే పాత్రతో వేరే దారిలో వచ్చినవారికీ వర్తిస్తుంది. పదేళ్లపాటు మధ్యపొర కోడ్‌లో చెల్లాచెదురుగా పడి ఉన్న అనుమతులు ఒకచోటికి చేరాయి.

దీనికి మరోవైపు కూడా ఉంది. పట్టికపై ఈ భద్రతను ఆన్ చేయడం మరిచిపోతే, అనామక పాత్రకు ఆ పట్టికపై హక్కు ఉన్నప్పుడు, అందులోని ప్రతి వరుసా వెబ్‌లో ఆరుబయట పెట్టినట్టే. వడపోత రాయకుండా డిలీట్ పంపితే, హక్కు ఉన్న పాత్ర చేతిలో పట్టిక మొత్తం ఊడ్చుకుపోతుంది. ఉపకరణం వివరణ పత్రాలే దీన్ని హెచ్చరించి, అడ్డుకట్టగా పీజీ-సేఫ్‌అప్‌డేట్ అనే ఎక్స్‌టెన్షన్ వాడమంటాయి. అసలు పట్టికలను బయటపెట్టకుండా వేరే స్కీమాలో వ్యూలు, ఫంక్షన్లు పెట్టి వాటినే చూపాలని కూడా అవే సూచిస్తాయి. ఈ సూచనను పాటించినవారికి లోపలి పట్టికలు మార్చుకున్నా బయటి చిరునామాలు చెక్కుచెదరవు.

తర్వాతి కాలంలో ప్రాజెక్టు నిర్వహణ స్టీవ్ చావెజ్ చేతికి వచ్చింది. 2020లో వెలుగులోకి వచ్చిన సూపాబేస్ అనే డేటాబేస్ సేవ తన ఏపీఐ భాగానికి పోస్ట్‌గ్రెస్ట్‌నే ఎంచుకోవడంతో, ఆ పేరు విననివారు కూడా రోజూ దాన్ని వాడే స్థితి ఏర్పడింది.

గ్రాఫ్‌క్యూఎల్ రాక

ఫేస్‌బుక్ 2012 నుంచి లోపల వాడుకుంటున్న గ్రాఫ్‌క్యూఎల్ భాషను 2015లో బయటికి విడుదల చేసింది. తనకు ఏయే అంశాలు కావాలో ఫోన్‌లోని యాప్ ఒకే అభ్యర్థనలో వివరంగా అడగగలగడం దీని ఆకర్షణ. అడగడం సులువే, వడ్డించడమే కష్టం. ఇరవై మంది రచయితల జాబితా, ఒక్కొక్కరి పుస్తకాలతో సహా అడిగితే, అమాయకంగా రాసిన సర్వర్ మొదట ఒక క్వెరీ, ఆపై మనిషికొకటి చొప్పున ఇరవై, వెరసి ఇరవై ఒక్క క్వెరీలు నడుపుతుంది. అడిగినదాన్నంతా ముందే చూసి, ఒకే ఎస్‌క్యూఎల్ వాక్యంగా మార్చగల ఉపకరణాలకు ఇక్కడ గిరాకీ పుట్టింది.

కేలబ్ మెరెడిత్ 2016లో పోస్ట్‌గ్రాఫ్‌క్యూఎల్ రాశారు. దాన్ని తర్వాత బెంజీ గిలం చేపట్టగా, పోస్ట్‌గ్రాఫైల్ అన్న పేరు వచ్చింది. నోడ్‌లో నడిచే ఈ ఉపకరణం అనుమతుల విషయంలో పోస్ట్‌గ్రెస్ట్ బాటలోనే నడిచి, వాటిని డేటాబేస్‌కే వదిలేసింది. పట్టికకు రాసుకునే వ్యాఖ్యలోనే ‘దీన్ని బయటపెట్టవద్దు’ వంటి ఆదేశాలను గుర్తులుగా రాసే ముచ్చటైన పద్ధతి దీనిది. ప్రిస్మా కథ వేరు. గ్రాఫ్‌కూల్ సంస్థ 2018లో ప్రిస్మాను డేటాబేస్ ముందు నిలిచే గ్రాఫ్‌క్యూఎల్ పొరగా ప్రచారం చేసి, రెండో రూపంలో ఆ బాట విడిచి, ప్రోగ్రామర్లు తమ కోడ్‌లో వాడుకునే సాధనంగా మార్చేసింది. ఆ పొర మీద ఆధారపడి కట్టుకున్నవారికి వేరే దారి చూసుకోక తప్పలేదు.

హసురా

తన్మయ్ గోపాల్, రజోషి ఘోష్ స్థాపించిన హసురా సంస్థ బెంగళూరులో పాదుకొని, తన గ్రాఫ్‌క్యూఎల్ ఇంజిన్‌ను 2018 జులైలో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. హాస్కెల్, అసుర అనే మాటల కలయిక ఈ పేరు. గుర్తుగా వేసిన బొమ్మ కూడా కొమ్ములున్న అసురుడిదే. 2022లో సంస్థకు 10 కోట్ల డాలర్ల పెట్టుబడి వచ్చి, విలువ వంద కోట్ల డాలర్లకు చేరింది.

హసురా అనుమతులను పోస్ట్‌గ్రెస్‌కు అప్పగించలేదు. పాత్రకు, పట్టికకు, చేసే పనికి ఒక్కో నియమం చొప్పున తన సొంత మెటాడేటాలో రాసుకుంటుంది. అభ్యర్థన రాగానే ఆ నియమాన్ని ఎస్‌క్యూఎల్‌లో ఒక షరతుగా కలిపేసి డేటాబేస్‌కు పంపుతుంది. ఎస్‌క్యూఎల్ విధానాలు రాయడం అలవాటు లేనివారు తెర మీద గళ్లు నింపుతూ పని పూర్తిచేయగలగడం దీని లాభం. హసురాను దాటి నేరుగా డేటాబేస్‌లోకి వచ్చినవారికి ఆ నియమాలు వర్తించకపోవడం దీని లోటు. తర్వాత పోస్ట్‌గ్రెస్ ఒక్కటే కాక ఇతర డేటాబేస్‌లకూ విస్తరించడానికి ఈ ఏర్పాటే కలిసొచ్చింది. హసురా మూడో తరం ఇంజిన్‌ను హాస్కెల్ వదిలి రస్ట్ భాషలో తిరగరాశారు.

ఇతర ఉపకరణాలు

మై ఎస్‌క్యూఎల్ వాడేవారి మధ్య మౌరిట్స్ వాన్ డెర్ షే రాసిన పీహెచ్‌పీ-క్రడ్-ఏపీఐ ప్రసిద్ధం. మొత్తం ఒకే ఫైలు. చవక హోస్టింగ్ ఖాతాలోకి దాన్ని ఎక్కించి, యూజర్ పేరు, పాస్‌వర్డ్ దిద్దితే ఏపీఐ సిద్ధం. ఇంత తక్కువ సరంజామాతో ఇంత పని చేసేది మరొకటి అరుదు. పీహెచ్‌పీలోనే ఉన్న డ్రీమ్‌ఫ్యాక్టరీ పెద్ద సంస్థల పాత డేటాబేస్‌లను దృష్టిలో పెట్టుకున్నది. బ్రెజిల్‌లో పుట్టిన పీరెస్ట్, గో భాషలో పోస్ట్‌గ్రెస్ట్‌కు దీటుగా వచ్చింది. 2017లో ఎక్స్‌మైఎస్‌క్యూఎల్‌గా మొదలైన ఉపకరణమే 2021లో స్ప్రెడ్‌షీట్ ముఖం తొడుక్కుని నోకోడీబీ అయింది. మోంగోడీబీకి రెస్ట్‌హార్ట్ ఉంది. సైమన్ విల్లిసన్ 2017 నవంబరులో విడుదల చేసిన డేటాసెట్ అనే ఉపకరణం ఎస్‌క్యూలైట్ ఫైళ్లను ప్రధానంగా చదవడానికే తెరిచి పెడుతుంది. ప్రభుత్వ గణాంకాలు, పరిశోధన పట్టికలు ప్రచురించేవారికి ఈ హద్దే శ్రీరామరక్ష.

లైసెన్సులు

పోస్ట్‌గ్రెస్ట్, పోస్ట్‌గ్రాఫైల్, పీహెచ్‌పీ-క్రడ్-ఏపీఐ ఎంఐటీ లైసెన్సు మీద నిలకడగా ఉన్నాయి. బెన్ హేన్స్ 2004లో మొదలుపెట్టిన డైరెక్టస్ చాలాకాలం జీపీఎల్ కింద ఉండి, పీహెచ్‌పీ నుంచి నోడ్‌కు మారాక, 2023లో పదో రూపంతో బీఎస్ఎల్ లైసెన్సుకు వెళ్లింది. ఏడాదికి 50 లక్షల డాలర్లకు మించి ఆర్థిక స్థోమత ఉన్న సంస్థలు అప్పటి నుంచి రుసుము చెల్లించాలి. ఆ కారణంగా కొన్ని జాబితాలు దాన్ని ఓపెన్ సోర్స్ వరుస నుంచి తప్పించాయి.

మైక్రోసాఫ్ట్ 2023లో డేటా ఏపీఐ బిల్డర్‌ను ఎంఐటీ లైసెన్సుతో బయటపెట్టింది. ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్, మై ఎస్‌క్యూఎల్ వంటి వాటి ముందు నిలిచి, రెస్ట్, గ్రాఫ్‌క్యూఎల్ రెండు రూపాల్లోనూ జవాబిస్తుంది. అనుమతులు ఒక జేసన్ ఫైలులో ఉంటాయి. దీని రెస్ట్ చిరునామాలో వరుసలను వడకట్టడానికి రాసే మాట ‘ఫిల్టర్’. ఆ మాటకు ముందు ఓడేటాలో లాగే డాలర్ గుర్తు ఉంటుంది.