రాజమహేంద్రవరంలో రెండు వేసవి రోజులు

వేసవి వచ్చిందంటే మన పెన్షనర్ల ఇళ్ళు కళకళలాడతాయి. హైదరాబాదు నుంచో, బెంగుళూరు నుంచో పిల్లలు శుక్రవారం రాత్రి రైలెక్కి శనివారం ప్రొద్దున్నే దిగుతారు. ఆదివారం రాత్రి బండికి మళ్ళీ ప్రయాణం. ఆ రెండు రోజుల్లో ఒక పూట నిద్ర, ఒక పూట పనసపొట్టు కూర, మిగిలిన కాలమంతా ఏ.సి. గదిలో సెల్‌ఫోను. బయటకు పోదాం రమ్మంటే "ఈ ఊళ్ళో చూడటానికి ఏముంది తాతయ్యా?" అంటారు. ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం వ్రాయమని మన కార్యదర్శిగారు కోరినప్పుడు ఆ ప్రశ్నకే సమాధానం వ్రాద్దామనిపించింది. నేను ఈ ఊళ్ళోనే పుట్టి, ఒక ఇరిగేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేరి, అక్కడే సూపరింటెండెంటుగా రిటైరయిన వాణ్ణి. చరిత్రకారుణ్ణి కాను. ఫైలు చూసి నోటు వ్రాయటమే నాకు తెలిసిన విద్య. ఇదీ అలాగే చదువుకోవలసిందిగా మనవి.

రాజమహేంద్రవరం అనగానే అందరూ రాజరాజ నరేంద్రుణ్ణి, ఆయన కొలువులో మహాభారతాన్ని తెలుగు చేయ మొదలుపెట్టిన నన్నయభట్టునూ తలచుకొంటారు. పదకొండవ శతాబ్దం నాటి మాట అది. ఇంగ్లీషువారి కాలంలో రికార్డుల్లో రాజమండ్రిగా స్థిరపడిన ఊరికి 2015లో పాత పేరు మళ్ళీ వచ్చింది. బాగానే ఉంది. కాని ఆ రాజుగారి కోట ఏదీ అని మనుమడు అడిగితే కోటగుమ్మం అన్న పేరు చూపించగలం గాని కోటను చూపించలేము. ఈ ఊళ్ళో కంటికి కనిపించే చరిత్ర రాజులది కాదు. బడిపంతుళ్ళది, ఓవర్సీర్లది, పుస్తకాల పిచ్చిగల కుర్రవాళ్ళది. దాదాపు మనబోటివాళ్ళది. పిల్లలకు చూపించి తీరాలని నాకున్న పట్టుదల అందుకే.

ముందు ఎండ సంగతి. మే నెలలో ప్రొద్దున తొమ్మిది దాటాక బయట ఉండకూడదు, సాయంత్రం అయిదు కానిదే కదలకూడదు. కాబట్టి శనివారం నిద్రకళ్ళతో దిగిన పిల్లలను పడుకోనివ్వకుండా, కాఫీ, పాలు పట్టించి, తిన్నగా పుష్కరాల రేవుకు తీసుకుపోవాలి. వేసవిలో గోదావరికి వరదల నాటి ఎర్రనీరు ఉండదు, ఆ ఉరవడీ ఉండదు. ధవళేశ్వరం దగ్గర ఆపిన నీరు నెమ్మదిగా నిలబడి ఉంటుంది. 2015 జూలై 14న, పుష్కరాల మొదటి రోజున, తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు పోయింది ఈ రేవులోనే. ఆ మాట పిల్లలకు చెప్పటం మంచిది. రేవు అంటే ఫొటోలు తీసుకొనే చోటు మాత్రమే కాదని తెలుస్తుంది.

రేవులో నిలబడితే వంతెనలు కనిపిస్తాయి. వాటిలో పాతది హేవలాక్ వంతెన. 1897లో మొదలుపెట్టి 1900 ఆగస్టులో రైళ్ళకు తెరిచారు. అప్పటి మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హేవలాక్ పేరు పెట్టారు. మొత్తం 56 ఖానాలు. పిల్లలను లెక్కపెట్టమనండి, అరగంట సెల్‌ఫోను జోలికి పోరు. తొంభై ఏడేళ్ళు మద్రాసు, కలకత్తా బండ్లను మోసి 1997లో రిటైరయింది. మనలాగే, కాకపోతే దానికి పెన్షను లేదు. పక్కన ఉన్న ఆర్చి వంతెన దాని పని అందుకొంది. కాస్త ఎడంగా ఉన్న రోడ్డు-రైలు వంతెన 1974లో వచ్చింది. అది రాకముందు ఇక్కడినుంచి కొవ్వూరు పోవాలంటే రైలన్నా ఎక్కాలి, లాంచీ అన్నా ఎక్కాలి. మా నాన్నగారితో పెళ్ళిళ్ళకు లాంచీలో పోవటం, కొత్త బట్టల మీద నీళ్ళు పడ్డాయని మా అమ్మ సణగటం నాకు బాగా గుర్తు. హేవలాక్ వంతెనను నడకదారిగా, విహారస్థలంగా మారుస్తారన్న మాట చాలా ఏళ్ళు కాగితాల మీదే తిరిగింది. చివరకు 2025 జూన్‌లో అఖండ గోదావరి పథకానికి శంకుస్థాపన జరిగింది, అందులో ఈ వంతెన కూడా ఉంది. ఫైళ్ళ నడక ఎరిగినవాణ్ణి గనుక ఇంతకంటే ఏమీ అనను.

రేవు నుంచి కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇంటికి పోవాలి. పురావస్తుశాఖవారు కాపాడుతున్న ఇల్లు. పంతులుగారు 1848 ఏప్రిల్ 16న ఈ ఊళ్ళోనే పుట్టారు. మన సంఘ సభ్యులు గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. ఆయన కూడా మొదట సర్కారు కొలువుకు ప్రయత్నించి, లంచం ఇవ్వనిదే రాదని తెలిసి ఆ ఆశ వదులుకొన్నారు. వకీలు పరీక్ష దాకా పోయి, అబద్ధం ఆడక తప్పదని అదీ మానుకొన్నారు. బడిపంతులయ్యారు. ఆ బడిపంతులు 1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మ అనే వారికి మొదటి వితంతు వివాహం జరిపించారు. పెళ్ళికూతురు అప్పటికింకా చిన్నపిల్ల. పోలీసు బందోబస్తు, విద్యార్థుల కాపలా నడుమ పెళ్ళి జరిగింది. ఖర్చుకు కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు అండగా నిలిచారు. తరువాత వచ్చింది అసలు కష్టం, వెలి. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు తెచ్చేవాళ్ళు రాలేదు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తానే గోదావరికి పోయి బిందెతో నీళ్ళు మోసుకొచ్చారు. మనం అప్పుడే చూసి వచ్చిన ఆ గోదావరి నుంచే.

ఆ ఇల్లు చూసినప్పుడల్లా నాకు మా నాన్నగారి మేనత్త గుర్తుకు వస్తుంది. తొమ్మిదో ఏట భర్త పోయాడట. ఆయన మొహం కూడా ఆవిడకు గుర్తులేదు. అప్పటికి పంతులుగారు చేయించిన మొదటి పెళ్ళి జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. ఆయన ఇంటికీ మా పాత ఇంటికీ అయిదు నిమిషాల నడక. ఆ అయిదు నిమిషాలు నడవటానికి మా ఇంట్లో ఒక్కరికీ కాళ్ళు రాలేదు. ఆవిడ తెల్లచీరతో, వంటింటి పక్క చీకటి గదిలో డెబ్భై ఏళ్ళు దాటేదాకా బ్రతికింది. ఊరగాయలు పెట్టటంలో ఆవిడ చేతికి మా వీధిలో సాటి లేదు. శుభకార్యం అంటే మాత్రం లోపలే ఉండేది. క్రిందటి వేసవిలో మా మనవరాలికి ఆ ఇంటి వసారాలో ఈ సంగతి చెప్పాను. "ఆవిడ పేరేమిటి తాతయ్యా?" అని అడిగింది. ఇంట్లో చిన్నా పెద్దా అందరూ అత్తమ్మ అనే పిలిచేవాళ్ళం. పేరు ఒకటుందని నాకు తెలిసింది రేషను కార్డులో చూసినప్పుడే. అదే చెప్పాను. ఆ పిల్ల ఇంకేమీ అడగకుండా ఇంటి లోపలికి వెళ్ళి గదులన్నీ మళ్ళీ ఒకసారి చూసి వచ్చింది.

తొమ్మిదయ్యేసరికి ఇల్లు చేరండి. మధ్యాహ్నం తాటి ముంజలు, మామిడిపళ్ళు, నిద్ర. పిల్లల తృప్తి కోసం సాయంత్రం రోజ్ మిల్క్ ఇప్పించండి, ఆ విషయంలో ఈ ఊరికున్న పేరు నిలబడే ఉంది.

సాయంత్రం పురమందిరం ముందునుంచి పోతూ ఆగాలి. 1890లో పంతులుగారు పూనుకొని కట్టించినది. అక్కడినుంచి దామెర్ల రామారావు చిత్రశాలకు. 1897లో పుట్టి, 1925లో మశూచితో ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయిన చిత్రకారుడు. ఆయన చేతి విద్య గుర్తించి ప్రోత్సహించినది ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర. దామెర్లవారు బొంబాయి జె.జె. స్కూలులో చదివి వచ్చి ఈ ఊళ్ళోనే శిష్యులను తయారుచేశారు. ఆ ఆడవాళ్ళ బొమ్మల్లో మన గోదావరి మొహాలు గుర్తుపట్టవచ్చు. దగ్గరలోనే రాళ్ళబండి సుబ్బారావుగారి పేర మ్యూజియం ఉంది. శాసనాలు, నాణేలు చూసే ఓపిక ఉన్నవారికి మంచిది, చిన్నపిల్లలకు విసుగు.

గౌతమీ గ్రంథాలయాన్ని మాత్రం వదలకూడదు. 1898లో నాళం కృష్ణారావుగారు, ఇంకా ఇరవై ఏళ్ళు లేని కుర్రవాడు, తన గురువు వడ్డాది సుబ్బారాయుడుగారి పేర వాసురాయ గ్రంథాలయం అని పెట్టిన దానిలోనుంచి పెరిగినది ఇది. తరువాత ప్రభుత్వం చేతికి వచ్చింది. మేము గుమాస్తాలుగా డిపార్టుమెంటు పరీక్షలకు చదువుకొన్నది ఇక్కడే. ఇంట్లో దీపం కిందకు అయిదుగురం చేరేవాళ్ళం, ఇక్కడ బల్లకు ఇద్దరమే. మనుమలకు పాత పత్రికల కట్ట ఒకటి చేతికిచ్చి చూడండి. అట్టలు పొడిపొడిగా రాలుతుంటాయి, జాగ్రత్త.

ఎండలకు జడిసేవారికి ఇంకో మాట. బిపిన్ చంద్ర పాల్ వందేమాతరం ఉద్యమం గురించి ఈ ఊళ్ళో ఉపన్యాసాలు ఇచ్చినది 1907 ఏప్రిల్‌లో. ఫ్యాన్లు లేవు, మైకులు లేవు. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు తెలుగులో చెబుతుంటే జనం రోజుల తరబడి విన్నారు. ఆ వేడిలోనే ట్రైనింగు కాలేజీ నుంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారిని వెళ్ళగొట్టారు. ఆయనకు సర్కారు ఉద్యోగం పోయింది, ఆంధ్రదేశానికి ఒక నాయకుడు దొరికాడు.

ఆదివారం ప్రొద్దున ధవళేశ్వరం. ఏడెనిమిది కిలోమీటర్లు, ఆటోలో గట్టు మీదుగా పోవచ్చు. నా ఉద్యోగమంతా ఆ నీటి లెక్కలతోనే గడిచింది గనుక ఇక్కడ కాస్త ఎక్కువ చెబితే క్షమించాలి.

1832-33 నాటి నందన కరువు, 1839 తుపాను కలిసి ఈ జిల్లాను పీల్చి పిప్పిచేశాయి. గోదావరి నిండుగా పోతూనే ఉండేది, జనం పక్కనే ఆకలితో చచ్చేవారు. ఆర్థర్ కాటన్ దొర ఆనకట్ట కట్టి తీరాలని కంపెనీవారిని ఒప్పించి 1847లో పని మొదలుపెట్టారు, 1852కి పూర్తయింది. నదిలో లంకలు ఉన్న చోటు చూసి ఎన్నుకోవటంలో ఉంది నేర్పు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా కట్టగలిగారు. రాయి ధవళేశ్వరం కొండ నుంచే వచ్చింది. దొర పేరు అందరికీ తెలుసు. ఆయన కింద పనిచేసి, కూలీలను కూడగట్టి, పని నడిపించిన వీణం వీరన్నగారి పేరు ఎందరికి తెలుసు? రాయ్ బహద్దూర్ బిరుదు ఇచ్చారు సరే, మన పిల్లల పుస్తకాల్లో ఆయనకొక వాక్యమైనా ఉందా? కింది ఉద్యోగి లేనిదే పై అధికారి సంతకానికి విలువ లేదని మనకు వేరే చెప్పనక్కరలేదు.

పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి కొత్త బ్యారేజీ పూర్తయింది. మొత్తం 175 గేట్లు, సుమారు పది లక్షల ఎకరాలకు నీరు. వేసవిలో చూడటంలో ఒక లాభం ఉంది. దాళ్వా కోతలు అయ్యాక కాలువలు కట్టేస్తారు. లాకులు, తూములు, కాలువ అడుగు అన్నీ బయటపడతాయి. మరమ్మతులు, పూడికతీత జరిగేది ఈ రోజుల్లోనే. నీళ్ళుంటే కనపడని పనితనం నీళ్ళు లేనప్పుడు కనపడుతుంది. కాటన్ మ్యూజియంలో ఆనకట్ట నమూనాలు, ఆ నాటి పనిముట్లు ఉన్నాయి. మే 15 కాటన్ జయంతి. ఆ వారంలో వస్తే విగ్రహానికి రైతులు వేసిన దండలు కూడా చూడవచ్చు. మన పురోహితులు కొందరు స్నాన సంకల్పంలో కూడా ఆయనను తలచుకొంటారు.

నీటిమట్టం కొలిచే స్కేలు కూడా పిల్లలకు చూపించండి. 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. 1986 ఆగస్టు 16న సుమారు 35 లక్షల క్యూసెక్కులు పోయాయి. ఆ మూడు రాత్రులు మా ఆఫీసులో ఎవరమూ ఇళ్ళకు పోలేదు. గంట గంటకూ అంకెలు వ్రాసుకోవటం, పైకి పంపటం, మళ్ళీ వ్రాసుకోవటం. లంకల్లో మా అటెండరు కుటుంబం ఉంది. అతను ఒక్కో అంకె నా భుజం మీదుగా చదువుతూ నిలబడేవాడు. నాలుగో రోజున అతనివాళ్ళు గట్టెక్కారని కబురు వచ్చింది, ఇల్లు మాత్రం పోయింది. ఇప్పుడు అదే స్కేలు వేసవిలో ఎండకు మెరుస్తూ అమాయకంగా కనిపిస్తుంది.

పాపికొండలు అడుగుతారు పిల్లలు. రెండు రోజుల్లో అది కుదరదని నా అభిప్రాయం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిన తరువాత, లైఫ్ జాకెట్టు వేయించని బోటు ఎక్కవద్దని కూడా చెబుతాను. దాని బదులు ఆదివారం సాయంత్రం చల్లబడ్డాక కడియం వైపు నర్సరీలకు తీసుకుపోండి. మొక్కల మధ్య నడిస్తే చల్లగా ఉంటుంది, టిక్కెట్టు లేదు. ఒక మల్లె అంటు కొని, వేళ్ళ చుట్టూ మట్టి తడిపి, గోనెగుడ్డ చుట్టి ఇవ్వండి. రాత్రి బండిలో బెర్తు కింద నిలబెట్టవచ్చు, ప్రొద్దునకు వాడదు.