చెర్రీ చెట్లు పంపిన మేయరు

దాదాపు ఉగాది రోజుల్లోనే వాషింగ్టన్‌లో చెర్రీ పూలు విచ్చుకుంటాయి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే వాళ్ళను టైడల్ బేసిన్ గట్టుకు తీసుకెళ్ళడం మనకు అలవాటే. పార్కింగ్ కోసం నాలుగు చుట్లు తిరిగి, పూల కింద నిలబెట్టి ఫోటో తీసి, "ఇవి జపాన్ వాళ్ళు ఇచ్చినవిట" అని ఊరుకుంటాం. ఇచ్చినాయనకు ఒక పేరుంది. అప్పటి టోక్యో మేయరు యుకియో ఒజాకి.

1910లో టోక్యో పంపిన 2,000 మొక్కలకు పురుగు, తెగులు ఉన్నాయని అమెరికా ప్రభుత్వం వాటిని తగలబెట్టించింది. ఒజాకి అలగలేదు. మళ్ళీ 3,020 మొక్కలు పంపించారు. 1912 మార్చి 27న ప్రెసిడెంట్ టాఫ్ట్ సతీమణి మొదటి మొక్క నాటారు.

మొక్కల సంగతి ఇంతే. మనిషి కథ ఇంతకన్నా పెద్దది. 1890లో జపాన్‌లో జరిగిన మొట్టమొదటి పార్లమెంటు ఎన్నికల్లో నెగ్గిన ఒజాకి, మొత్తం 25 సార్లు గెలిచి 1953 దాకా సభలో ఉన్నారు. పదవీ వ్యామోహం అనుకునేరు! ఆయన మంత్రిగా ఉన్నది రెండుసార్లే. 1898లో వచ్చిన విద్యామంత్రి పదవి కొద్ది నెలల్లోనే ఊడింది. దేశానికి పట్టిన డబ్బు పిచ్చిని దెప్పుతూ, జపాన్ గనక రిపబ్లిక్ అయితే మిత్సుయి, మిత్సుబిషి వాళ్ళే ప్రెసిడెంటు పదవికి నిలబడతారని ఒక ఉపన్యాసంలో అన్నారు. చక్రవర్తి ఉన్న దేశంలో ఆ మాట ఎత్తడమే తప్పయింది.

అయినా నోరు కట్టుకోలేదు. 1913లో ప్రధాని కత్సురా చక్రవర్తి పేరు చెప్పి ప్రతిపక్షాన్ని అణచబోతే, సింహాసనాన్ని కోటగోడగా, రాజాజ్ఞలను తూటాలుగా వాడుకుంటున్నారని నిండు సభలో నిలదీశారు. జనం పార్లమెంటును చుట్టుముట్టారు. వారం తిరక్కుండా ప్రభుత్వం కూలింది.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత యూరప్‌లో ఆ విధ్వంసం కళ్ళారా చూసి వచ్చిన ఒజాకి, 1921లో ఆయుధాలు తగ్గించాలని సభలో తీర్మానం పెట్టారు. అది చిత్తుగా ఓడింది. అప్పుడాయన ఊరూరా తిరిగి, తన సభలకు వచ్చినవాళ్ళకు పోస్టుకార్డులు పంచి అభిప్రాయం అడిగారు. జవాబుల్లో 90 శాతానికి పైగా ఆయన పక్షమే! పార్లమెంటు మాట ఒకటి, జనం మాట ఒకటి అన్నమాట.

అసలు పరీక్ష 1942లో వచ్చింది. యుద్ధం ముమ్మరంగా సాగుతోంది, ఆయనకు 83 ఏళ్ళు. ఎన్నికల్లో ఒక మిత్రుడి తరఫున ప్రచారం చేస్తూ, తాతలు కట్టిన ఇంటిని మూడో తరం అమ్మకానికి పెడుతుందనే అర్థం వచ్చే పాత చాటువొకటి వాడారు. (ఈ మాట మన ఇళ్ళలో అంటే పిల్లలు ఊరుకోరు, అది వేరే సంగతి.) మెయిజీ చక్రవర్తి నుంచి లెక్కిస్తే మూడో తరం హిరోహిటో. ఇంకేం, చక్రవర్తిని అవమానించారని కేసు పెట్టి, ఆ వయసులో జైల్లో పెట్టారు. ఆ ఎన్నికల్లో ఓటర్లు మాత్రం ఆయన్ని మళ్ళీ గెలిపించారు. 1944లో, యుద్ధం ఇంకా నడుస్తుండగానే, దేశ అత్యున్నత న్యాయస్థానం ఆయన నిర్దోషి అని తీర్పు చెప్పింది. ఆ రోజుల్లో అలాంటి తీర్పు రాసిన జడ్జీలకు కూడా దండం పెట్టాలి.

1950లో, 91 ఏళ్ళ వయసులో, ఒజాకి అమెరికా వచ్చి వెళ్ళారు. 1953 ఎన్నికల్లో ఓడిపోయారు. మరుసటి ఏడాది కన్నుమూశారు. ఆయన పంపిన చెట్లలో కొన్ని నేటికీ పూస్తున్నాయి.